పేక ముట్టకుండా పోకర్ చదవొచ్చు

1970ల చివర్లో లాస్ వేగాస్‌లో ఒక పేకాటగాడు సొంత డబ్బుతో పుస్తకం అచ్చేయించి వంద డాలర్ల ధర పెట్టాడు. గట్టి అట్ట నవల పది డాలర్లకు దొరికే రోజులవి. పేరు దగ్గర కూడా మొహమాటపడలేదు. పోకర్ ఆడి పది లక్షల డాలర్లకు పైగా ఎలా సంపాదించాడో చెబుతానని అట్ట మీదే చాటుకున్నాడు. ఆయన డాయిల్ బ్రన్సన్, టెక్సస్ మనిషి. 1976లోనూ 1977లోనూ వరల్డ్ సిరీస్ ఆఫ్ పోకర్ ప్రధాన పోటీ గెలిచాడు. రెండేళ్లూ ఆఖరి ఆటలో ఆయన చేతికొచ్చినవి పది, రెండు. మామూలుగా ఎవరైనా చూసీ చూడగానే పడేసే ముక్కలవి. పోకర్ బల్లల దగ్గర ఆ జోడీని నేటికీ ఆయన పేరుతోనే పిలుస్తారు.

ఆ పుస్తకమే తర్వాత ‘సూపర్ సిస్టమ్’గా పేరు మార్చుకుని ఆటగాళ్ల ఇళ్లలో పారాయణ గ్రంథమైంది. బ్రన్సన్ తెలివైన పని చేశాడు. తనకు బాగా వచ్చిన ఆట గురించే తాను రాసి, మిగతా రకాలకు చిప్ రీస్, బాబీ బాల్డ్విన్, మైక్ కారో, డేవిడ్ స్క్లాన్‌స్కీ లాంటి ఆరితేరినవాళ్లను పిలిచి అధ్యాయాలు రాయించాడు. అప్పటిదాకా మంచి ఆటగాడంటే మంచి ముక్కల కోసం ఓపిగ్గా కాచుకుని కూర్చునేవాడు. బ్రన్సన్ దాన్ని తిరగేశాడు. ఎవరూ పట్టించుకోని చిన్న చిన్న పందేలన్నీ దూకుడుగా లాగేసుకోమన్నాడు. తేల్చుకోలేని ఇబ్బందిని ఎప్పుడూ ఎదుటివాడి నెత్తినే పెట్టమన్నాడు. జనం చదివారు, నేర్చుకున్నారు, వచ్చి ఆయన బల్ల దగ్గరే కూర్చుని ఆయన మీదే ప్రయోగించారు. ఆ పుస్తకం వల్ల వచ్చినదాని కంటే పోయిందే ఎక్కువని ఆయన తర్వాత చెప్పుకున్నాడు. 2023లో 89వ ఏట పోయేదాకా ఆడుతూనే ఉన్నాడు, అది వేరే సంగతి.

గెలుపు నేర్పే పుస్తకాలకున్న తిప్పలే అవి. రహస్యం పదిమందికీ తెలిశాక రహస్యంగా మిగలదు. అందుకే పోకర్ మీద వచ్చిన పుస్తకాల్లో పాఠాలు చెప్పేవి ముసలివైపోతున్నాయి, కథ చెప్పేవి నిలుస్తున్నాయి. పేక ముట్టని తెలుగు పాఠకుడు కూడా చదవదగ్గవి ఈ రెండో రకంలోనే ఉన్నాయి. తెలుగులోకి ఒక్కటైనా రావాల్సినవీ అవే.

ముందు ఆట సంగతి రెండు ముక్కల్లో. ఇప్పుడు ప్రపంచమంతా ఆడే రకం టెక్సస్ హోల్డెమ్. ఒక్కొక్కరికి రెండు ముక్కలు మూసి పంచుతారు. బల్ల మధ్యలో అందరికీ ఉమ్మడిగా ఐదు ముక్కలు తెరుస్తారు: ముందు మూడు, తర్వాత ఒకటి, ఆపైన ఇంకొకటి. ప్రతి దశలోనూ పందెం. మొత్తం ఏడింటిలోంచి మెరుగైన ఐదు ఎవరికి కుదిరితే వాళ్లది సొమ్ము. కాకపోతే పెంచిన పందేనికి భయపడి మిగతావాళ్లంతా ముక్కలు పడేస్తే, చేతిలో చెత్త ఉన్నవాడైనా సరే, చూపించకుండానే డబ్బు దగ్గరికి లాక్కోవచ్చు. మూడు ముక్కలాట ఆడినవాళ్లకు ఈ బ్లఫ్ కొత్తేమీ కాదు. అయితే హోల్డెమ్‌లో సగానికి పైగా ముక్కలు అందరి కళ్లెదుటే ఉంటాయి. ఎదుటివాడి చేతిలో ఏముందో ఊహించడానికి ఆధారాలు దొరుకుతాయి. సాహిత్యం పుట్టేది ఆ ఊహలోంచే.

పాఠాల పుస్తకాల్లో కాలానికి నిలబడిందేదంటే స్క్లాన్‌స్కీ ‘ద థియరీ ఆఫ్ పోకర్’. 1980ల నాటిది. ఇందులో ఆయన ‘మూల సూత్రం’ అంటూ ఒకటి ప్రతిపాదించాడు. ఎదుటివాళ్ల ముక్కలు కనిపిస్తే ఎలా ఆడేవాడో, కనిపించకపోయినా మనిషి అలాగే ఆడితే లాభపడతాడు. దానికి భిన్నంగా ఆడిన ప్రతిసారీ ఎదుటివాళ్లు లాభపడతారు. వినడానికి ఇంతేనా అనిపిస్తుంది. కానీ తప్పును కొలవడానికి ఒక బద్ద దొరికిందక్కడ. గెలిచావా ఓడావా అన్నది కాదు, ఆ క్షణాన తెలిసినదాన్ని బట్టి చేసిన పని సరైనదేనా అన్నది ప్రశ్న.

లెక్క ఎలా ఉంటుందో చూడండి. మధ్యలో వెయ్యి రూపాయలున్నాయి. ఎదుటివాడు ఐదొందలు కాశాడు. ఆటలో ఉండాలంటే ఇవతలివాడూ ఐదొందలు పెట్టాలి, గెలిస్తే పదిహేను వందలు వస్తాయి. అంటే నాలుగుసార్లలో ఒక్కసారి గెలిచినా నష్టం లేదు. ఇతనికి కనిపిస్తున్న ముక్కల్లో నాలుగు ఇస్పేట్లున్నాయి, ఐదోది పడితే గెలుపు ఖాయం, తెరవాల్సింది ఇంకొక్క ముక్కే. కనపడనివి 46, వాటిలో ఇస్పేట్లు 9. నూటికి ఇరవై కూడా లేదు. కావలసింది ఇరవై ఐదు. పడేయడమే న్యాయం. ఆ ఐదోది ఇస్పేటే పడి మనసు చివుక్కుమన్నా సరే, పడేయడమే న్యాయం. ఈ చివరి వాక్యం ఒంటబట్టడానికి కొంతమందికి ఏళ్లు పడుతుంది, కొంతమందికి జన్మంతా చాలదు.

మిగతా పాఠ్య గ్రంథాల మీద కాలం అంత దయ చూపలేదు. మైక్ కారో 1984లో ఆటగాళ్ల హావభావాల మీద ఫొటోలతో సహా ఒక పుస్తకం తెచ్చాడు. బలహీనంగా ఉన్నవాడు బలం నటిస్తాడు, బలంగా ఉన్నవాడు నిట్టూరుస్తాడు అన్నది దాని సారం. మంచి పుస్తకమే. అయితే ఫోన్ తెర మీద ఆడేవాడికి ఎదుటివాడి నిట్టూర్పు వినపడదు. 1995 ప్రధాన పోటీ విజేత డాన్ హారింగ్టన్, బ్యాక్‌గామన్ ప్రపంచ విజేత బిల్ రాబర్టీతో కలిసి 2004 నుంచి తెచ్చిన ‘హారింగ్టన్ ఆన్ హోల్డెమ్’ సంపుటాలు ఒక తరం మొత్తాన్ని తయారుచేశాయి. అంతకు ముందు ఏడాదే క్రిస్ మనీమేకర్ అనే అకౌంటెంట్ ఆన్‌లైన్‌లో చిన్న రుసుము కట్టి అర్హత సంపాదించి, 839 మంది ఆడిన ప్రధాన పోటీలో 25 లక్షల డాలర్లు గెలిచాడు. ఇంటిపేరే మనీమేకర్! కల్పించి రాస్తే ఏ సంపాదకుడూ ఒప్పుకోడు. దాంతో అందరికీ ఆశ పుట్టింది, పాఠాల పుస్తకాలు జోరుగా అమ్ముడుపోయాయి.

తర్వాత యంత్రాలొచ్చాయి. 2017 జనవరిలో పిట్స్‌బర్గ్‌లో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయానికి చెందిన టుమాస్ సాండ్‌హోమ్, నోమ్ బ్రౌన్ తయారుచేసిన ‘లిబ్రాటస్’ ప్రోగ్రాము నలుగురు నిపుణులతో విడివిడిగా మొత్తం 1,20,000 ఆటలాడి అందర్నీ ఓడించింది. 2019లో ‘ప్లూరిబస్’ ఒకే బల్ల దగ్గర ఆరుగురి ఆటలో నెగ్గింది. నేటి కుర్ర నిపుణుడు సాయంత్రాలు గడిపేది పుస్తకంతో కాదు, ఏ ముక్కకు నూటికి ఎన్నిసార్లు పెంచాలో దశాంశాలతో చెప్పే సాఫ్ట్‌వేర్‌తో. హారింగ్టన్ సలహాల్లో చాలావాటిని అది తోసిపుచ్చుతుంది.

సాఫ్ట్‌వేర్ తోసిపుచ్చలేనిది ఆల్ అల్వరెజ్ రాసిన ‘ద బిగ్గెస్ట్ గేమ్ ఇన్ టౌన్’. పోకర్ మీద ఒకే ఒక్క పుస్తకం చదవాలంటే ఇదే, ఇందులో పెద్దగా తర్జనభర్జన అక్కర్లేదు. అల్వరెజ్ పేకాటగాడిగా పేరుపడ్డవాడు కాదు. లండన్‌లో కవి, విమర్శకుడు, ‘అబ్జర్వర్’ పత్రికలో కవితల సంపాదకుడు. కవయిత్రి సిల్వియా ప్లాత్ ప్రతిభను తొలినాళ్లలోనే గుర్తించినవాళ్లలో ఒకడు. ఆత్మహత్య మీద ‘ద సావేజ్ గాడ్’ అనే గంభీరమైన గ్రంథం రాసినవాడు. అలాంటి మనిషి 1981లో ‘న్యూయార్కర్’ పత్రిక కోసం, అప్పట్లో వరల్డ్ సిరీస్ జరిగే లాస్ వేగాస్‌లోని బినియన్స్ హార్స్‌షూ కాసినోకి వెళ్లి, ఆటను కాకుండా ఆడేవాళ్లను చూస్తూ కూర్చున్నాడు. ఆ రాతలే 1983లో పుస్తకమయ్యాయి.

ఆ కాసినోలో గుర్రపు నాడా ఆకారపు చట్రంలో అద్దాల వెనక పదివేల డాలర్ల నోట్లు వంద పెట్టి ఉంచేవారు. వచ్చినవాళ్లంతా దాని ముందు నిలబడి ఫొటో దిగేవారు. పై అంతస్తుల్లో మాత్రం డబ్బంటే డబ్బులా చూడని మనుషులుండేవారు. వాళ్లకు చిప్స్ (డబ్బుకు బదులు పందెం కాసే బిళ్లలు) అంటే ఇల్లో, పొలమో, పిల్ల చదువో కాదు, పనిముట్లు. అలా చూడలేనివాడు పెద్ద పందెం ముందు చేతులు వణికి ఓడిపోతాడని వాళ్ల లెక్క. అల్వరెజ్ దీన్ని మెచ్చుకోడు, తిట్టడు. కవికి తగ్గట్టు చెవి ఒగ్గి వింటాడు, వాళ్ల మాటల్నే మోసుకొస్తాడు.

ఆయన విన్నవాటిలో జాక్ స్ట్రాస్ కథ ఒకటి పోకర్ లోకమంతా తిరిగింది. స్ట్రాస్ ఆరున్నర అడుగుల మనిషి. ఒక రాత్రి వరసగా గెలుస్తున్న ఊపులో, ఈసారి ఏ ముక్కలొచ్చినా పెంచేయాలనుకున్నాడు. వచ్చినవి ఏడు, రెండు. హోల్డెమ్‌లో అంతకన్నా దరిద్రపు జోడీ లేదు. అయినా పెంచాడు. మధ్యలో ఏడు, మూడు, మూడు తెరుచుకున్నాయి. మళ్లీ కాశాడు. ఎదుటివాడు ఒక్కసారిగా పెద్ద మొత్తం పెంచేసరికి అతని చేతిలో పెద్ద జత ఉందని స్ట్రాస్‌కు అర్థమైంది. అక్కడ పడేయాలి. పడేయలేదు. తర్వాత రెండు తెరుచుకుంది, పనికిరాని ముక్క. స్ట్రాస్ 18,000 డాలర్లు తోశాడు. అవతలివాడు ఆలోచనలో పడ్డాడు. అప్పుడు స్ట్రాస్ నవ్వుతూ ఒక బేరం పెట్టాడు: నీ పాతిక డాలర్ల చిప్ ఒకటి ఇటు పడెయ్, నా రెండు ముక్కల్లో నీకు నచ్చింది తెరిచి చూపిస్తాను. అతను చిప్ విసిరి ఒకటి చూపించాడు. తిప్పితే రెండు. ఏదైనా చూసుకో అన్నాడంటే రెండూ ఒకటే అయ్యుండాలి, అంటే మూడు రెళ్లు, రెండు మూళ్లు, పెద్ద జతను ఓడించే ఫుల్ హౌస్. అలా అనుకుని గెలుస్తున్న ముక్కల్ని పడేశాడు.

ఇందులో అందం ఇంకాస్త లోపల ఉంది. అతను రెండో ముక్క చూపించమని ఉంటే ఏడు కనపడేది. అప్పుడు ఏడ్ల ఫుల్ హౌస్ అనుకుని అంతే బుద్ధిగా పడేసేవాడు. ఎటు చూసినా అబద్ధమే కనపడేటట్టు, ఒక్క అబద్ధమైనా ఆడకుండా ఏర్పాటు చేశాడు స్ట్రాస్. ఏ పాఠ్య గ్రంథంలోని పట్టికలోనూ ఇది దొరకదు.

అల్వరెజ్ చూసిన 1981 పోటీలో ఆడింది 75 మంది, తలా పదివేల డాలర్లు కట్టారు. గెలిచింది స్టూ ఉంగర్, బక్కపల్చని కుర్రాడు, అది ఆయనకు వరసగా రెండో గెలుపు. ఆయన కథ పూర్తిగా కావాలంటే నోలన్ డల్లా, పీటర్ ఆల్సన్ రాసిన ‘వన్ ఆఫ్ ఎ కైండ్’ చదవాలి. ఉంగర్ మొదట జిన్ రమ్మీ ఆటగాడు. ఎంత గొప్పవాడంటే చివరికి ఎవరూ ఆయనతో రమ్మీ ఆడటానికి రాలేదు, ఆ దెబ్బతో పోకర్‌కు మారాడు. 1997లో ముచ్చటగా మూడోసారి ప్రధాన పోటీ గెలిచి, పది లక్షల డాలర్ల బహుమతి అందుకున్నాడు. మరుసటి ఏడాది నవంబరులో లాస్ వేగాస్‌లో ఒక చవక మోటెల్ గదిలో 45వ ఏట శవమై దొరికాడు. డబ్బంతా మత్తుమందులకూ గుర్రాలకూ ఆటల పందేలకూ పోయింది. ముక్కల్ని చదవడంలో ఆయనంతటివాడు లేడని తోటివాళ్లే ఒప్పుకున్నారు. ఆ చదువు కాసినో గుమ్మం దాటి బయటికి రాలేదు.

జేమ్స్ మెక్‌మానస్ ‘పాజిటివ్‌లీ ఫిఫ్త్ స్ట్రీట్’ (2003) ఇంతకంటే సరదా అయినది, గజిబిజి అయినది కూడా. ‘హార్పర్స్’ పత్రిక ఆయన్ను 2000లో లాస్ వేగాస్ పంపింది. వరల్డ్ సిరీస్ గురించీ, ఆ కాసినో యజమానుల కుటుంబానికి చెందిన టెడ్ బినియన్ మరణంపై నడుస్తున్న హత్య కేసు గురించీ రాయమంది. ఆయన పత్రిక ఇచ్చిన బయానా డబ్బు పందెంలో పెట్టి పోటీలోకే దూరాడు. 512 మందిలో ఐదోవాడిగా నిలిచి 2,47,760 డాలర్లు తెచ్చుకున్నాడు. వెళ్లేముందు టి.జె. క్లూటియర్ అనే ఆటగాడి పుస్తకం దగ్గర పెట్టుకుని చదివాడు. తీరా చూస్తే ఆఖరి బల్ల దగ్గర ఎదురుగా క్లూటియరే! బల్ల దగ్గరి అధ్యాయాలు ఊపిరి బిగపట్టి చదివిస్తాయి. కోర్టు అధ్యాయాలు మాత్రం పాతబడ్డాయి. 2000లో దోషులన్న ఇద్దరిపై తీర్పును 2003లో నెవాడా సుప్రీంకోర్టు కొట్టేసింది, మరుసటేడు మళ్లీ జరిగిన విచారణలో జ్యూరీ వాళ్లపై హత్యానేరం లేదంది. అక్కడక్కడ పేజీలు తిప్పేసినా నష్టం లేదు.

ఆంథొనీ హోల్డెన్ ‘బిగ్ డీల్’ (1990) ఒక ఆంగ్ల జీవితచరిత్రకారుడు ఏడాదిపాటు వృత్తి ఆటగాడిగా బతికిన ముచ్చట, చల్లగా సాగిపోతుంది. విక్టోరియా కోరెన్ ‘ఫర్ రిచర్, ఫర్ పూరర్’ మగవాళ్ల గదిలోకి ఒక అమ్మాయి నడిచి వెళ్లిన కథ. ఆమె 2006లో లండన్‌లో యూరోపియన్ పోకర్ టూర్ పోటీ గెలిచింది.

కొత్తవాటిలో ఎక్కువ పేరు వచ్చింది మరియా కొనికోవా ‘ద బిగ్గెస్ట్ బ్లఫ్’కు (2020). మనస్తత్వశాస్త్రంలో కొలంబియా పట్టా ఉన్న రచయిత్రి. జాన్ ఫాన్ నాయ్‌మన్ గేమ్ థియరీకి పోకర్ ప్రేరణ అని చదివి, అసలు ఆట రాకుండానే ఎరిక్ సైడల్ అనే దిగ్గజాన్ని గురువుగా ఒప్పించింది. 2018లో బహామాస్‌లో ఒక పోటీ గెలిచి 84,600 డాలర్లు తెచ్చుకుంది. సైడల్ పెద్దగా మాట్లాడడు. ఆటలో ఘోరంగా దెబ్బతిన్నానని ఆమె వచ్చి మొరపెట్టుకుంటే వినడు. నువ్వెందుకలా ఆడావో చెప్పమంటాడు. ఆ గురుశిష్య సంభాషణ ఉన్నంతసేపూ పుస్తకం బంగారం. మధ్యలో వచ్చే పరిశోధనల సారాంశాలు మాత్రం సదస్సు ప్రసంగంలా ఉంటాయి. పోకర్ ఆటగత్తె ఆనీ డ్యూక్ రాసిన ‘థింకింగ్ ఇన్ బెట్స్’లో ఆ సమస్య ఇంకా ముదిరింది: పోకర్ తక్కువ, మేనేజర్లకు హితోపదేశం ఎక్కువ. అయినా ఫలితాన్ని బట్టి నిర్ణయాన్ని తూచకూడదన్న ఆమె మొదటి అధ్యాయం విడిగా చదువుకోవచ్చు.

ఇదంతా తెలుగు పత్రికలో ఎందుకని అడగొచ్చు. అడగాల్సిందే. డబ్బు పెట్టి ఆన్‌లైన్‌లో పేకాడటాన్ని తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించాయి. 2025 ఆగస్టులో కేంద్రం దేశమంతటికీ చట్టం తెచ్చింది. రమ్మీ నైపుణ్యం ప్రధానమైన ఆటేనని 1967లో సుప్రీంకోర్టు చెప్పింది కూడా సికింద్రాబాద్ క్లబ్బు కేసులోనే. మూడు ముక్కలాటను మాత్రం అదృష్టం ఆట కిందే లెక్కగట్టింది. ఫోన్లో రమ్మీ ఆడి అప్పులపాలైన ఇళ్లు రెండు రాష్ట్రాల్లోనూ ఉన్నాయి. అలాంటి చోట పోకర్ పుస్తకాలు చదవమనడం నిప్పుతో చెలగాటమనిపించవచ్చు.

నిజానికి మంచి పోకర్ పుస్తకాన్ని మించిన హెచ్చరిక లేదు. ఆట నడిపే ఇల్లు ప్రతి పందెంలోంచీ కొంత కోసుకుంటుంది, కాబట్టి బల్ల చుట్టూ ఉన్నవాళ్లందరి లెక్కా కలిపితే ఎప్పుడూ నష్టమే. ఈ సంగతి రమ్మీ యాప్‌ల ప్రకటనల్లో ఉండేది కాదు, స్క్లాన్‌స్కీ సంప్రదాయంలో ఉంటుంది. రెండు ఆసులు చేతికొచ్చేది సగటున 221 సార్లలో ఒక్కసారి. అవి వచ్చినా ఇద్దరి ఆటలో రెండు రాజుల చేతిలో దాదాపు ఐదింట ఒకసారి ఓడతాయి. ఇది తెలిసినవాడు ఒక రాత్రి గెలుపును ప్రతిభ అనుకోడు. అయితే ఈ పుస్తకాలకూ ఒక లోపముంది, దాన్ని దాచిపెట్టకూడదు. రాసినవాళ్లలో అత్యధికులు గెలిచినవాళ్లు. అదే ఆట అంతే బాగా ఆడి కొంప పోగొట్టుకున్నవాడికి ప్రచురణకర్త దొరకడు.

తెలుగులో పేకాట కథకూ సినిమాకూ వస్తే ఎక్కువగా ఇల్లు గుల్ల చేయడానికే వస్తుంది. ‘కన్యాశుల్కం’లో మధురవాణి ఇంట్లో పేకాట రంగం లాంటివి అరుదు. అసలు మూలానికి వెళ్తే మహాభారతం ఇంత బిగుసుకుని లేదు. నన్నయ తెలుగు చేసిన అరణ్యపర్వంలో నలోపాఖ్యానం ఉంది. జూదంలో రాజ్యం పోగొట్టుకున్న నలుడికి ఋతుపర్ణుడు తాండ్ర చెట్టు కొమ్మల మీది ఆకుల్నీ కాయల్నీ చూపుతోనే లెక్కగట్టి చెబుతాడు, ఆపైన అక్షహృదయమనే పాచికల విద్య ఉపదేశిస్తాడు. ఇయాన్ హాకింగ్ అనే తత్వవేత్త 1975లో సంభావ్యత పుట్టుక మీద రాసిన పుస్తకంలో ఈ కథను ప్రస్తావించాడు. చెట్టును చూసి అంచనా కట్టే విద్యా, పాచికలాడే విద్యా ఒకచోట చెప్పడం ఆయన దృష్టిని లాగింది. ఆ కథ చెప్పిన బృహదశ్వుడు చివర్లో ధర్మరాజుకూ ఆ విద్య నేర్పిపోతాడు. జూదం చెడ్డదన్న మాటా, దాని లోపలి లెక్క తెలుసుకోదగిందన్న మాటా భారతంలో పక్కపక్కనే ఉన్నాయి. ఆధునిక తెలుగు రచన మొదటిదే పట్టుకుంది.

ఒక ప్రచురణకర్త ధైర్యం చేస్తానంటే అనువాదానికి మొదట తీసుకోవాల్సింది అల్వరెజ్‌ను కాదు. ఆయన వాక్యంలోని పొదుపును తెలుగులోకి దించడం కష్టం. హెర్బర్ట్ యార్డ్లీ ‘ద ఎడ్యుకేషన్ ఆఫ్ ఎ పోకర్ ప్లేయర్’ (1957) తీసుకోవాలి. యార్డ్లీ పేకాటగాడి కంటే ముందు గూఢలిపి నిపుణుడు. మొదటి ప్రపంచయుద్ధం తర్వాత అమెరికా రహస్య విభాగం ‘బ్లాక్ చాంబర్’ను నడిపి జపాన్ దౌత్య సంకేతాల్ని ఛేదించినవాడు. 1929లో ప్రభుత్వం దాన్ని మూసేస్తే, చేతిలో డబ్బులేక ఆ రహస్యాలన్నీ పుస్తకంగా రాసి గోల చేసినవాడు. పోకర్ పుస్తకంలో మొదటి భాగం ఇండియానాలోని వర్దింగ్టన్ అనే చిన్న ఊరి సెలూన్లో సాగుతుంది. కుర్రాడైన యార్డ్లీకి ఆ సెలూన్ యజమాని మాంటీ గురువు. రెండో భాగం 1930ల చివర్లో, జపాన్ బాంబులు పడుతున్న చైనా నగరం చుంగ్‌కింగ్‌లో; అక్కడ యార్డ్లీయే గురువు, ఆయన దుబాసీ శిష్యుడు.

మొదటి పేజీల్లోనే ఒక రైతు మిగిలిన పొలాన్ని ఊరూరా తిరిగే డేరా నాటక కంపెనీకి పోటీగా పందెం కాసి, గెలిచే ముక్కలు చేతిలో ఉండగానే ప్రాణం వదులుతాడు. కృష్ణా గుంటూరు జిల్లాల్లో డేరా నాటకాలు చూసిన తరానికి ఆ గది, ఆ పొగ, ఆ మనుషులు పరాయివాళ్లనిపించరు. ప్రతి ఆటనూ యార్డ్లీ ఒక చిన్న కథగా చెబుతాడు. ఆదివారం అనుబంధంలో వారానికొకటి వేసుకునేంత నిడివి. అందులో ఉన్నవన్నీ ఐదు ముక్కల, ఏడు ముక్కల పాత ఆటలే, హోల్డెమ్ లేనే లేదు. ఆట నేర్చుకోవాలనుకునేవాడికి అది లోటే. వేరేవాళ్లకు కాదు.